అనంతగిరి గాజు జడ

సూర్యనారాయణ శవానికి దవడపళ్ళు ఒక్కటీ లేవు.

శృంగవరపుకోట ట్రావెలర్స్ బంగళా వెనకగదిలో బల్ల మీద పడుకోబెట్టారు. మార్కు వంగి, టార్చిలైటు వేసి నోటిలోకి చూశాడు. ముందుపళ్ళు చెక్కు చెదరలేదు. వెనకంతా గుంటలే. మూడేళ్ళు ఒకే గదిలో వండుకు తిన్న స్నేహితుడు. మార్కు టార్చి ఆర్పేసి గోడకి ఆనుకున్నాడు.

“ప్రాణం ఉండగానే పీకారట,” అన్నాడు రావుసాహెబు రామారావు. మద్రాసు సీక్రెట్ సెక్షన్‌లో తెలుగు జిల్లాలన్నిటికీ ఆయనే పెద్ద. “అనంతగిరి మిషను డాక్టరమ్మ రిపోర్టు రాసింది. గుంటల్లో నెత్తురు గడ్డకట్టిన తీరు చూసి చెప్పింది. తెలివైన మనిషి.”

“దేనికోసం పీకారంటారు సార్?”

“నీకు తెలీదా?”

తెలుసు. మార్కు నాలిక తనంతట తనే పైవరసలో ఎడమవైపు చివరి పంటిని తడిమింది. అది పన్ను కాదు. సెక్షన్ వారి దంతవైద్యుడు మద్రాసులో పింగాణీతో చేసి బిగించిన డబ్బీ. గోటితో తిప్పితే మూత ఊడుతుంది. లోపల బియ్యపుగింజంత కాగితపుచుట్ట పడుతుంది. సూర్యనారాయణకీ అలాంటిదే ఉండేది.

“ఇది తీయించేసి వెళ్తాను సార్.”

“ఇవాళ బుధవారం. వీణ్ణి చంపినవాళ్ళు ఎక్కబోయే స్టీమరు శనివారం సాయంత్రం విశాఖపట్నంలో లంగరు ఎత్తుతుంది. మద్రాసు వెళ్ళి రావడానికి టైమెక్కడిది? నవ్వకు, ఆవలించకు. అంతే.”

రామారావు శవం మీద దుప్పటి కప్పి, కుర్చీ లాక్కుని కేసు చెప్పాడు.

అనంతగిరి డాక్టరమ్మ పేరు దెబోరా. రాట్నం మీద నూలు వడికినట్టు, కరిగిన గాజుని వెంట్రుకకన్న సన్నంగా లాగింది. అలాంటి పోగులు నాలుగువేలు కట్టకట్టి జడ చేసింది. ఒక కొసన ఏముందో రెండో కొసన కనిపిస్తుంది. జడని వంచినా మెలిపెట్టినా వెలుగు దాని వెంటే వంగి వస్తుంది. దాన్ని నోట్లో పెట్టి పంటి వెనకా, గొంతు మలుపులోనూ దాక్కున్న రోగాన్ని పట్టుకుంటోంది.

“మంచిదే కదా సార్.”

“వైద్యానికి మంచిదే. అదే జడని తాళం కన్నంలోంచి దూర్చి, యుద్ధశాఖ గదిలో బల్ల మీది కాగితాలు చదివితేనో?”

మార్కు దుప్పటి కింది శవం వైపు చూశాడు.

“ఆ పని చెయ్యబోయేవాడి పేరు వాన్ హెల్డర్. పాస్‌పోర్టులు ఐదు, దేశాలు ఐదు. సీతాకోకచిలకలు పట్టేవాడినని చెప్పుకుని రెండు నెలలుగా కొండ మీద మకాం వేశాడు. కొత్త వస్తువు కనిపెట్టినవాళ్ళ దగ్గర చేరడం, దాన్ని కాజేసి ఏదో ఒక సైన్యానికి అమ్మడం వాడి వృత్తి. కనిపెట్టినవాళ్ళు ఆ తరవాత ఏదో ప్రమాదంలో పోతారు. వాడికి విశాఖలో ఐదుగురు మనుషులున్నారు. రేవులో, టెలిగ్రాఫులో, మన ఆఫీసులోనే ఉన్నారేమో! ఆ ఐదు పేర్లు తెలియకుండా వాణ్ణి పట్టుకుంటే, పొద్దున్న పట్టుకున్నవాణ్ణి సాయంత్రానికి వాళ్ళే విడిపించేస్తారు.”

“పేర్లు ఎవరిస్తారు?”

“మన మనిషి వాడి పక్కనే ఉంది. ఆమె వచ్చి నిన్ను లూకా సువార్త అడుగుతుంది. ‘లూకా అయిపోయింది, మార్కు ఉంది’ అను.”

“పోలీసు సాయం?”

“మన్యంలో పితూరీ అణగి నాలుగేళ్ళయినా, కొండ మీద ఖాకీ కనబడితే ఊళ్ళకి ఊళ్ళు అడవిలో కలుస్తాయి. వాడూ కలుస్తాడు. నువ్వొక్కడివే వెళ్ళు.”

*

మార్కు గురువారం చీకటిపడే వేళకి, భుజాన బైబిలు సంచీతో, వానలో తడిసి ముద్దయి అనంతగిరి డిస్పెన్సరీ చేరాడు. ఊరూరా తిరిగి సువార్త పుస్తకాలు అమ్మేవాడి వేషం. వేషమనడానికి కూడా లేదు. భీమిలిలో అతని తండ్రి నిజంగానే ఆ పని చేసేవాడు. యుద్ధంలో మెసపొటేమియా వెళ్ళి స్ట్రెచర్లు మోసి వచ్చాక మార్కు ఈ ఉద్యోగంలో పడ్డాడు. దేవుడి మాట సంచీలో, సర్కారు మాట దవడలో. తండ్రి చూస్తే ఏమనేవాడో అన్న ఆలోచన వస్తే అతను వెంటనే ఇంకో ఆలోచన తెచ్చుకునేవాడు.

డిస్పెన్సరీలో ఆయా రాజులమ్మ పొడిబట్టలిచ్చి, రాగిజావ గిన్నె చేతిలో పెట్టింది. ఆమెది గజపతినగరం వైపు.

“ఏటి బాబూ, ఈ వానలో ఎవులు సదువుతారు నీ పుస్తకాలు? బేగి తాగీ, సల్లారిపోతాది.”

శుక్రవారం తెల్లవారుజామున కొండ విరిగిన చప్పుడైంది. ముందు పిడుగనుకున్నారు. వెలుగొచ్చాక చూస్తే శృంగవరపుకోట వైపు ఘాట్ రోడ్డు మీద తాటిచెట్టంత ఎత్తున బురదా, బండలూ, కూలిన చెట్లూ. అరకు వైపు గెడ్డవాగు పొంగి కల్వర్టుని ఎత్తుకుపోయింది. ముందుకీ దారి లేదు, వెనక్కీ లేదు.

పొద్దున్న ఎనిమిదింటికి, గొడుగు పట్టుకుని ఒక ఆడమనిషి వరండా మెట్లెక్కింది. ఆకుపచ్చ పట్టుచీర, మోచేతులదాకా జాకెట్టు, నవ్వితే పక్కన మెరిసే బంగారు పన్ను. విజయనగరం నాటకాల కంపెనీలో గంగాభవాని పేరు చెబితే మేడ మీది సీట్లు కూడా నిండిపోయేవి. ఇప్పుడు సీతాకోకల దొరకి సెక్రటరీనని చెప్పుకుంటోంది. ఊరివాళ్ళు ఇంకేదో చెప్పుకుంటున్నారు.

“లూకా సువార్త ఉందాండీ?”

మార్కు సంచీ విప్పాడు. “లూకా అయిపోయిందమ్మా. మార్కు ఉంది.”

ఆమె పుస్తకం తీసుకుని పేజీలు తిరగేసి, నచ్చనట్టు తిరిగి ఇచ్చేసింది. “బొమ్మలు లేవు,” అని పెదవి విరిచింది. పుస్తకం అతని చేతిలో పడేటప్పుడు మాత్రం గొంతు తగ్గించింది. “సీతాకోకల పెట్టెలో, రెక్కల కింద రాసుకున్నాడు పేర్లు. ఐదూ కాగితం మీదికి ఎక్కించాను. నన్నింక ఇక్కడ ఉంచొద్దని చెప్పండి. వాడికి నిద్ర పట్టదు. ఎప్పుడూ చూస్తూనే ఉంటాడు.”

పదో పేజీ మడతలో కాగితపుచుట్ట ఉంది. మార్కు వానకి మొహం కడుక్కుంటున్నట్టు తిరిగి, దాన్ని పంటిలో పెట్టి మూత తిప్పాడు.

గంట గడవకముందే దొర వచ్చాడు.

పొడుగాటి మనిషి. తెల్లటి గడ్డం. చేతిలో సీతాకోకల వల లేదు, పిస్తోలు ఉంది. వెనక, మెడ మీద కత్తిగాటున్న, తెలుగు తెలియని పైదేశపు షికారీ రెండు గొట్టాల తుపాకీతో నిలబడ్డాడు. వాళ్ళ ముందు గంగాభవాని నడుస్తోంది. పట్టుచీర అంచంతా బురద. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

వాన్ హెల్డర్ ఎవరో మున్షీ దగ్గర పుస్తకాలు ముందేసుకుని తెలుగు నేర్చుకున్నాడు. అంచేత పెద్దబాలశిక్ష మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

“అందరును లోనికి నడువుడు. ఈ ఉదయమున నా పెట్టెలో ఒక సీతాకోకచిలుక తలక్రిందులుగా గుచ్చబడియున్నది. నేను ఎన్నడును అట్లు గుచ్చను. ఎవరో పేర్లు చూచిరి. మార్గములు రెండును మూసుకొనిపోయినవి కనుక ఆ కాగితము ఈ కొండ దాటలేదు. మనమందరము ఒక్క సీసాలోని పురుగులము.”

షికారీ తలుపు మూసి అడ్డగడియ వేశాడు. తడిసి ఉబ్బిన చెక్క, కిర్రుమంటూ చట్రంలో బిగుసుకుపోయింది.

*

ఒకటే గది. రేకుల కప్పు మీద వాన దరువు. కిటికీలకి ఇనపచువ్వలు. మధ్యలో పళ్ళు చూసే కుర్చీ, పక్కన కార్బైడు దీపం, సూదులు మరిగే గిన్నె. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద నల్లరబ్బరు గొట్టంలో తొడిగిన గాజుజడ పెట్టి ఉంది. దాన్ని మార్కు మొదటిసారి చూడటం. చూస్తే నీరుకట్టు పాములా ఉంది.

దెబోరాకి ముప్పై ఏళ్ళుంటాయి. పొట్టిగా, నల్లగా, చేతులు ఎప్పుడూ ఏదో పనిలో ఉన్నట్టు ఉండే మనిషి. పిస్తోలు వంక కాక దొర కళ్ళలోకే చూస్తూ అడిగింది.

“పాపం, ఆ సూర్యనారాయణ అనే అతని పళ్ళు పీకింది మీరేనా?”

“అది మోటుపని. ఒక్క బోలు పంటి కొరకు ఇరువది పండ్లు వ్యర్థమయ్యెను. నేడు నాగరికముగా చూతము. నీ దీపపు కాంతి మంచి పంటిని ఎర్రగా వెలిగించును, బోలు పంటిని వెలిగింపదు. నీవే చెప్పితివి. ఒక్కొక్కరి నోరు చూపుము.”

దెబోరా మొహం ఒక్క క్షణం పాలిపోయింది. రెండు నెలలుగా పంటినొప్పని వచ్చి, తియ్యగా ప్రశ్నలు వేసి, జడ మీద వేళ్ళు పోనిచ్చి మెచ్చుకున్న మనిషి ఎవరో ఆమెకి అప్పుడే తెలిసింది.

“ఇక్కడ ఒక రోగి ఉన్నాడు. ముందు అతను,” అంది.

మూల బెంచీ మీద డుంబ్రిగుడ వైపు కొండవాడు బుధు కూర్చుని ఉన్నాడు. దవడ కొబ్బరికాయలా వాచింది. నాలుగు రోజులుగా గంజి తప్ప లోపలికి పోలేదు. దొర భుజాలెగరేశాడు. ఆమె దీపం సరిచేసి, జడ కొసని బుధు నోట్లోకి పోనిచ్చి, రెండో కొసన కన్ను పెట్టింది. కాసేపటికి, తుపాకులు గదిలో ఉన్న సంగతే మరిచినట్టు అంది.

“కనిపించింది. జ్ఞానదంతం వెనక మూలన చీముగూడు. అద్దం పెడితే ఎన్నాళ్ళకీ దొరకదు. బుధూ, కదలకు నాన్నా.”

చిన్న కత్తి ఒక్కసారి మెరిసింది. బుధు అరిచి, ఉమ్మి, కాసేపటికి కళ్ళు తెరిచాడు. “బరువు దిగిపోయిందమ్మా,” అన్నాడు నెమ్మదిగా.

“పుస్తకములు విక్రయించువాడు,” అన్నాడు దొర.

కుర్చీ దాకా ఆరడుగులు. మార్కు ఆ ఆరడుగుల్లో లెక్క వేసుకున్నాడు. కాగితం మింగేయొచ్చు. కాని మూత తిప్పాలంటే వేలు నోట్లో పెట్టాలి, పిస్తోలు మొహానికి మూరెడు దూరంలో ఉంది. పోనీ కాగితం మింగినా పన్ను మింగలేడు. తలుపు బిగుసుకుపోయింది. కిటికీలకి చువ్వలు. కొండ చుట్టూ నీళ్ళు. యుద్ధంలో బాంబులు పడుతుంటే కందకంలో పడుకున్నప్పుడు కూడా ఇంత ఇరుకనిపించలేదు. ఇప్పుడు అతను ఇరుక్కున్నది తన నోట్లోనే.

“నోరు తెరువుము.”

తెరిచాడు. తెరిచాక మాట్లాడటానికి లేదు, పెదవి కొరుక్కోడానికీ లేదు. కార్బైడు వాసనతో వెచ్చటి గొట్టం నాలిక పక్కనుంచి లోపలికి వచ్చింది. పైన దెబోరా కన్ను జడ కొసకి ఆని ఉంది. ఆమె ఊపిరి తన నుదుటికి తగులుతోంది. గొట్టం ఒక్కో పంటి దగ్గరా ఆగుతూ వెళ్ళింది. కుడి. ముందు. ఎడమ.

ఆగింది.

ఆమె ఊపిరి కూడా ఆగింది. శవం దవడలో గుంటలు లెక్కపెట్టిన మనిషి ఆమె. ఈ పన్ను ఏమిటో, ఇతనెవరో ఆమెకి చెప్పక్కర్లేదు.

“ఏమి కనుపించుచున్నది?” దొర ఆమెని పక్కకి నెట్టి తనే కన్ను పెట్టాడు. మార్కు కళ్ళు మూసుకున్నాడు. రేకుల మీద వాన ఒక్కటే వినిపిస్తోంది.

“ఒకటి నల్లగా నున్నది!”

“చచ్చిన పన్ను,” అంది దెబోరా. “వేరు కుళ్ళితే కూడా వెలుగు పోదు. ఇలాంటివి రోజుకి నాలుగు చూస్తాను.”

“పెరికి చూపుము. మత్తుమందు వలదు.”

దెబోరా పటకారు అందుకుంది. ఒక చేత్తో మార్కు నుదురు నొక్కి పట్టుకుని వంగింది. ఇక అయిపోయిందనుకున్నాడు మార్కు. పింగాణీ పన్ను ఊడుతుంది, సుత్తి దెబ్బకి పగులుతుంది, ఐదు పేర్లు నేల మీద పడతాయి. తనని పక్కనుంచితే, ఆ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టడానికి దొరకి అరక్షణం పట్టదు.

పటకారు బిగిసింది. నొప్పి చెవిలోంచి మెదడులోకి దూసుకుపోయింది. ఆ నొప్పిలోనే అతనికి తెలిసింది. ఆమె పట్టుకున్నది చివరి పన్ను కాదు. దాని ముందున్న సొంత పన్ను, రాయిలాంటి మంచి పన్ను. పొరపాటేమోనని కళ్ళు తెరిచాడు. ఆమె కళ్ళు సూటిగా అతని కళ్ళలోకే చూస్తున్నాయి. పొరపాటు కాదు. మార్కు కుర్చీ చేతులు పట్టుకుని ఆమె బలానికి ఎదురుబలం ఇచ్చాడు. మూడు వేళ్ళు విరిచినంత చప్పుడై పన్ను ఊడింది.

దొర దాన్ని కలవంలో వేసి బండతో నలగ్గొట్టాడు. ముక్కలు వేలితో కెలికాడు. ఎముక తప్ప ఏమీ లేదు.

“మరల చూపుము.”

దెబోరా జడ పెట్టింది. దొర కన్ను పెట్టాడు. ఎర్రటి చీకటి. నెత్తుటిలో గాజు ఏమీ చూడలేదు. మార్కు నోట్లో ఊరిన నెత్తురంతా ఒక్కసారిగా దొర చేతి మీద ఉమ్మాడు. అది నిజంగా ఆగక వచ్చిందే, కొంచెం కావాలని కూడా. దొర విసుక్కుని చెయ్యి తుడుచుకున్నాడు.

“వీడు కాడు. ఇక మిగిలినది నీవు, గంగాభవానీ.”

*

మార్కు గోడవారన కూలబడి చెంప పట్టుకున్నాడు. బతికాడు. బతికినందుకు సిగ్గేసింది. ఉచ్చు తన మెడ తప్పి ఆమె మెడకి పడింది.

గంగాభవాని కుర్చీలో కూర్చుని పట్టుచీర కొంగు సర్దుకుంది, తెర లేవబోతున్నట్టు. నోరు తెరిచింది. దెబోరా జడ పెట్టేసరికి బంగారు పన్ను దగ్గర చిమ్మచీకటి. బంగారంలోంచి వెలుగు పోదు.

“అది తొడుగు, ఖాళీ డబ్బీ కాదు,” అంది దెబోరా.

“తొడుగు క్రింద ఏమున్నదో!” దొర నవ్వాడు. “అన్నియు పెరికెదము. ముందు దీనితో. అటుపై ఒక తూటా.”

“వెనక పళ్ళు చూడాలంటే ఈ దీపం చాలదు,” అంది దెబోరా. తిరిగి చూడకుండానే ఆయాతో, ఆయా యాసలోనే అంది, “రాజులమ్మా, ఫొటోలకి అంటిస్తామే తెల్ల తీగ, అది బేగి ఒట్టుకొచ్చి నా ఎనకాల నిలబడు. నాను ‘సూడండి’ అన్నంతనే అంటించీ. ఈడి కన్ను గొట్టానికి ఆనిసి ఉండాల. అప్పుడే సుమా.”

దొర కనుబొమలు ముడిచాడు. మున్షీ ఈ తెలుగు నేర్పలేదు. “ఏమనుచున్నావు?”

“ఇంకో దీపం తెమ్మన్నాను.”

రాజులమ్మ అల్మారా తీసింది. రోగుల ఫొటోలు తీసేటప్పుడు దెబోరా వాడే మెగ్నీషియం రిబ్బను చుట్ట చీర మడతలో దాచుకుని వచ్చి, అగ్గిపెట్టె పట్టుకుని నిలబడింది. మాట మార్కుకి పూర్తిగా అర్థమైంది. భీమిలి ఎంత దూరం గనక! అతను మోకాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు.

“ఇప్పుడు చూడండి దొరా. బాగా ఆనించి చూడండి. సూడండి!”

దొర కన్ను ఆనించాడు. దెబోరా జడ రెండో కొసని గంగాభవాని నోట్లోంచి లాగి వెనక్కి, రాజులమ్మ చేతిలోని తీగకేసి పెట్టింది. అగ్గిపుల్ల గీసుకుంది. రిబ్బను భగ్గుమంది. మధ్యాహ్నపు సూర్యుణ్ణి ముక్క విరిచినట్టున్న ఆ వెలుగు నాలుగువేల పోగుల్లోంచి దూసుకెళ్ళి ఒక్క కంట్లో పడింది.

దొర గావుకేక పెట్టాడు. పిస్తోలు పేలి రేకులో చిల్లి పడింది. తలుపు దగ్గర షికారీ తుపాకీ ఎత్తాడు. రాజులమ్మ రెండో చేత్తో సూదుల గిన్నె ఎత్తి, మరుగుతున్న నీళ్ళన్నీ వాడి మొహాన గుమ్మరించింది. తుపాకీ జారింది. బుధు ఒక్క అంగలో వెళ్ళి దాన్ని అందుకుని, గొట్టం పట్టుకుని తుపాకీ మడమతో వాడి మోకాళ్ళు విరగ్గొట్టాడు.

దొర మాత్రం పడలేదు. ఒక కన్ను మూసుకుని, నీళ్ళు కారే రెండో కంటితో ఏమీ కనిపించక, పిస్తోలు అటూ ఇటూ తిప్పాడు. కుర్చీలో గంగాభవాని గాజులు చిన్నగా గలగలమన్నాయి. పిస్తోలు ఆ చప్పుడు వైపు తిరిగి ఆగింది.

“దొరా!” అన్నాడు మార్కు నెత్తురు నిండిన నోటితో. “కాగితం నా దగ్గరుంది!”

పిస్తోలు గిర్రున తిరిగింది. మార్కు నేల మీద బోర్లా పడ్డాడు. తూటా అతను ఆనుకున్న గోడలో, తల ఉండాల్సిన చోట దిగింది. రెండో తూటా పేలేలోగా అతను దొర కాళ్ళు లాగేశాడు. ఇద్దరూ కింద పడ్డారు. గంగాభవాని కుర్చీలోంచి దిగి, ఇనప కలవం రెండు చేతులా ఎత్తి, దొర మణికట్టు మీద వేసింది. ఆపైన ఆ పక్కనే చతికిలబడి భోరుమని ఏడ్చింది. నాటకాల్లో ఆమె ఏడుపుకి చప్పట్లు కొట్టిన జనం ఈ ఏడుపు వింటే గుర్తుపట్టేవారు కాదు.

*

దొరనీ షికారీనీ పళ్ళ కుర్చీకి కట్టేశారు. దెబోరా మార్కు దవడలో దూది కుక్కుతూ అంది, “మంచి పన్ను పీకాను. క్షమించండి.”

“అది నా ప్రాణం కంటే చవకేనండీ అమ్మగారూ.”

“మాట్లాడకండి. దూది ఊడిపోతుంది.”

రోడ్లు లేకపోయినా బుధుకి కాలిబాట తెలుసు. జీలుగు చెట్ల మధ్యనుంచి, జలగలు నిండిన వాగు అంచునుంచి, తనూ తన తాతలూ చింతపండు మోసుకెళ్ళిన బాట. దవడకి గుడ్డ కట్టుకున్న బుధు ముందు, దవడకి గుడ్డ కట్టుకున్న మార్కు వెనక. ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడే నోళ్ళు కావు. శనివారం మధ్యాహ్నం రెండింటికి శృంగవరపుకోటలో మార్కు పంటి మూత తిప్పాడు. విశాఖలో టెలిగ్రాఫు గుమాస్తా పేరే ఆ కాగితంలో మొదటిది కాబట్టి, రామారావు తంతి కొట్టకుండా కారు వేసుకుని తనే పరిగెత్తాడు. స్టీమరు లంగరు గొలుసు సగం పైకి లేచాక, చివరి పడవలోంచి ఐదోవాణ్ణి దించారు.

పది రోజులకి ఘాట్ రోడ్డు తెరిచారు. ఊరివాళ్ళ కాపలాలో ఉన్న దొరనీ షికారీనీ దించుకుపోవడానికి మొదటి కారులో రామారావు, మార్కు అనంతగిరి వచ్చారు. గంగాభవాని అప్పటికే కొత్త నాటకం ఒప్పుకుని, బుధు చూపిన కాలిబాటనే విజయనగరం వెళ్ళిపోయింది. డిస్పెన్సరీ వరండా నిండా జనం.

రామారావు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “డాక్టరమ్మగారూ, ఈ జడ ఇకమీదట సర్కారు రహస్యం. దీన్ని గురించి మీరు ఎక్కడా మాట్లాడకూడదు, రాయకూడదు.”

“ఆలస్యమైందండీ,” అంది దెబోరా చేతులు కడుక్కుంటూ. “జూన్‌లోనే కలకత్తా వైద్యపత్రికకి రాసి పంపాను. గాజు ఎలా కరిగించాలి, రాట్నం ఎంత వేగం తిప్పాలి, పోగులు ఎలా పేర్చాలి, అన్నీ బొమ్మలతో సహా. ఒక్కరి దగ్గరే ఉంటే దాని కోసం దొంగలొస్తారు. అందరి దగ్గరా ఉంటే ఎవరొస్తారు?”

రామారావు మొహం తెల్లబడింది. ఏ క్షణాన ఏ దేశంలో ఎవరు ఆ పత్రిక తిరగేస్తున్నారో!

“ఈ వేళ టపాలో వాళ్ళ జవాబొచ్చింది,” అని దెబోరా ఒక కవరు అందించింది. ఆమె పెదవి కొసన నవ్వో, కోపమో తెలియడం లేదు.

రామారావు ఉత్తరం పైకే చదివాడు. ‘మీ వ్యాసం అందినది. గాజుపోగుల గుండా మనిషి గొంతులోకి చూడవచ్చునన్న మీ ఊహ చమత్కారముగా నున్నది. కాని మాది వైద్యపత్రిక. దీనిని ఏదేని కథల పత్రికకు పంపగలరు.’

ఆయన దాన్ని రెండోసారి చదువుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మార్కూ, ఈ ఎడిటరెవరో కనుక్కోవయ్యా. రహస్యం ఇంత పదిలంగా దాచేవాడు మన సెక్షన్‌లో ఒక్కడూ లేడు.”